కొత్త రూపు కారు: తొలి బ్యాచి కొనుగోలుదారులకే పరీక్ష

చిన్న కార్లపై జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 శాతం స్థానే 18 శాతం అయింది. అప్పటినుంచి పల్లెల్లో కారు మాట మునుపటికంటె ఎక్కువగా వినవస్తోంది. దాళ్వా డబ్బో, చెరువు పట్టుబడి డబ్బో చేతికి రాగానే భీమవరం, తాడేపల్లిగూడెం షోరూముల మెట్లెక్కే రైతులున్నారు. బంగారం కుదువబెట్టి ముందు సొమ్ము కట్టి, మిగతాది వాయిదాల మీద తీర్చుకుంటూ కారును కిరాయికి తిప్పుకుందామనే యువకులూ ఉన్నారు. షోరూములో వీరికి ముందుగా చూపేది కొత్తగా రూపు మార్చి విడుదల చేసిన మోడలునే. లైట్ల తీరు కొత్త, లోపల టీవీ వంటి తెర కొత్త, రంగులు కొత్త. కంటికి మెరుగ్గా ఉన్నది అన్నివిధాలా మెరుగేనని నమ్మి బయానా ఇచ్చి వచ్చేవారే ఎక్కువ. రూపుతో బాటు లోపల ఏమేమి మారిందో, ఆ మారినవి ఎంతకాలం పరీక్షకు నిలిచాయో అడిగేవారు తక్కువ.

ఈ ప్రశ్న పట్నవాసికంటె పల్లెవాసికే ముఖ్యం. పట్నంలో కారు ఆగితే ఆటో దొరుకుతుంది, కంపెనీ వర్కుషాపు ఊరిలోనే ఉంటుంది. లంక గ్రామంలో అర్ధరాత్రి కాన్పు నొప్పులతో ఉన్న మనిషిని ఎక్కించుకున్న తర్వాత కారు మొరాయిస్తే ఆ ఇంటివారి గతి వేరు. కిరాయి కారైతే చిక్కు మరీ ఎక్కువ. గ్యారంటీ కింద పాడైన పార్టు ఉచితంగా మారుస్తారు గాని, ఆ పార్టు వచ్చేదాకా కారు షెడ్డులో పడి ఉన్న పదిహేను రోజుల కిరాయి ఎవరూ ఇవ్వరు. బ్యాంకు వాయిదా మాత్రం తేదీ తప్పకుండా వస్తుంది.

వంగడానికి ఉన్న జాగ్రత్త

కొత్తదాన్ని ఎలా పరీక్షించాలో ఈ జిల్లా రైతుకు ఒకరు చెప్పవలసిన పనిలేదు. మార్టేరు పరిశోధనా కేంద్రం నుంచి కొత్త వరి వంగడం వచ్చిందంటే, ముందుగా మినీకిట్ల పేరిట కొద్దిమంది రైతుల చేలలో వేసి చూస్తారు. చీడకు ఆగిందా, గాలికి పడిందా, బియ్యం విరిగిందా అన్నీ చూసిన తర్వాతే ఊరంతా వేస్తుంది. 1982లో విడుదలైన స్వర్ణ ఇన్నేళ్ళు నిలిచిందంటే ఆ పరీక్షలో నెగ్గింది గనుకనే.

కార్ల కంపెనీలు పరీక్షలు చేయవని కాదు. విడుదలకు ముందు నమూనా కార్లను ఎండలో, చలిలో, గతుకుల్లో లక్షల కిలోమీటర్లు తిప్పుతాయి. ఐతే నమూనాను చేతిపనిగా శ్రద్ధతో తయారుచేస్తారు. ఫ్యాక్టరీలో నిమిషానికొకటి చొప్పున బయటికి వచ్చే కారు సంగతి వేరు. కొత్త మోడలుకు కొత్త అచ్చులు కావాలి. వందలాది విడిభాగాలు బయటి సప్లయర్ల నుంచి రావాలి. బిగించే కార్మికుడి చేతికి ఆ పని అలవాటు కావాలి. వీటిలో ఎక్కడ చిన్న తేడా వచ్చినా తొలి నెలల కార్లలో అది చేరిపోతుంది. అంటే తొలి బ్యాచి కొన్నవారే మినీకిట్టు రైతులన్నమాట. తేడా ఒక్కటే. మినీకిట్టు రైతుకు విత్తనం ఉచితం, వీరు మాత్రం పూర్తి ధర చెల్లించి మరీ పరీక్షకు నిలబడుతున్నారు!

స్విఫ్టు ఉదంతం

2018 ఫిబ్రవరిలో మారుతి కంపెనీ స్విఫ్టును పూర్తిగా రూపు మార్చి విడుదల చేసింది. ఇంజన్లు మాత్రం పాతవే. 1.2 లీటర్ల పెట్రోలు, 1.3 లీటర్ల డీజిలు ఇంజన్లు రెండూ అప్పటికే దేశమంతా తిరిగి పేరు తెచ్చుకున్నవి. కారు కింది చట్రం సైతం 2015 నాటి బలేనోలో వాడిన తరహాదే. ఇక భయమేమున్నదని ఎవరైనా అనుకుంటారు. అయినా మూడు నెలలు తిరక్కముందే 52,686 కొత్త స్విఫ్టు, బలేనో కార్లను తనిఖీకి తీసుకురమ్మని కంపెనీయే పిలిచింది. అవి 2017 డిసెంబరు 1 నుంచి 2018 మార్చి 16 వరకు తయారైనవి. లోపం బ్రేకు వాక్యూం గొట్టంలో ఉండవచ్చునన్న అనుమానం. ఇంజను నుంచి వచ్చే వాక్యూం బలాన్ని బ్రేకుకు అందించే గొట్టమది. అది పనిచేయకపోతే పెడలు బిగుసుకుని, మామూలుకంటె చాలా గట్టిగా తొక్కితే గాని బండి ఆగదు. అదే ఏడాది జూలైలో గాలిసంచి కంట్రోలరు విషయమై మరో 1,279 స్విఫ్టు, డిజైరు కార్లను పిలిచారు.

ఇందులో గమనించదగ్గది ఏమంటే, లోపం ఇంజనులో రాలేదు. ఎవరూ అనుమానించని ఒక గొట్టంలో వచ్చింది. త్వరగా బయటపడింది, కంపెనీ ఖర్చుతోనే సరిచేయబడింది. తొలి బ్యాచిలో వచ్చే తంటాలు చాలావరకు ఈ కోవకు చెందినవే. ఆరేడు నెలలు ఓపిక పట్టిన కొనుగోలుదారు వీటిని తప్పించుకోగలడు.

రాయలసీమ పెనుకొండలో కార్లు తయారుచేసే కియా కంపెనీ అనుభవమూ ఇటువంటిదే. 2022 ఫిబ్రవరిలో విడుదల చేసిన కారెన్స్ కార్లను, గాలిసంచి సాఫ్టువేరు తనిఖీకై అదే ఏడాది అక్టోబరులో 44,174 వరకు వెనక్కు పిలిచింది.

ఏడాది ఆగితే చాలునా?

“కొత్త మోడలు వచ్చాక ఏడాది ఆగి కొను” అన్నది ఆటోనగర్ షెడ్లలో తరచు వినబడే సలహా. మంచి సలహాయే, కాని అది సగం నిజం.

మహీంద్రా ఎక్స్‌యూవీ 700 సంగతి చూడండి. 2021లో ఇది మార్కెట్లోకి రాగానే జనం విరగబడ్డారు. నెలల తరబడి వేచి ఉన్నారు. 2023 ఆగస్టులో 1,08,306 కార్లను ఇంజను గదిలోని వైర్ల కట్ట ఒరుసుకుపోయే ప్రమాదం ఉందంటూ తనిఖీకి పిలిచారు. ఇవి 2021 జూన్ 8 నుంచి 2023 జూన్ 28 వరకు తయారైనవి. అంటే తొలినాటి కార్ల మొదలు రెండేళ్ళపాటు తయారైనవన్నీ ఆ గడువులోనివే. ఏడాది ఆగి కొన్నవాడూ అందులోనే ఉన్నాడు.

అమెరికాలో ఉంటున్న మనవారికి టొయోటా అంటే గట్టి నమ్మకం. ఆ కంపెనీ టుండ్రా ట్రక్కులో ఏళ్ళ తరబడి పేరుపొందిన పెద్ద వీ8 ఇంజన్ను తీసివేసి, 2022 మోడలు నుంచి రెండు టర్బోలతో చిన్న వీ6 ఇంజను పెట్టింది. 2024 మేలో టుండ్రా, లెక్సస్ ఎల్ఎక్స్ కలిపి సుమారు 1,02,000 బండ్లను వెనక్కు పిలవవలసి వచ్చింది. ఇంజను తయారీలో మిగిలిపోయిన లోహపు పొట్టు లోపలి బేరింగులను దెబ్బతీయవచ్చునని తేలింది. చివరికి ఇంజన్లే మార్చేందుకు కంపెనీ ఒప్పుకోక తప్పలేదు. లోపం బయటపడేసరికి తొలి బండ్లు కొన్నవారికి రెండేళ్ళు దాటింది.

గొట్టం, బోల్టు, సాఫ్టువేరు వంటివాటి లోపం నెలల్లో తెలుస్తుంది. ఇంజను, గేరుబాక్సు, క్లచ్చి, వైరింగుల లోపం బయటపడడానికి ఏళ్ళు పట్టవచ్చు. కాబట్టి కొత్త మోడలులో బాడీ మాత్రమే కొత్తదా, లేక కదిలే యంత్రమే కొత్తదా అన్నదాన్ని బట్టి ఎంతకాలం ఆగాలో నిర్ణయించుకోవలసి ఉంటుంది.

లోపల మారిందేమిటి?

షోరూము కుర్రవాణ్ణి అడగవలసిన మొదటి ప్రశ్న మైలేజీ గురించి కాదు. “ఈ ఇంజను, ఈ గేరుబాక్సు ఇంతకుముందు ఏ కారులో ఉన్నాయి? ఎన్నేళ్ళనుంచి?” అని అడగాలి. బంపరు, లైట్లు, సీటు గుడ్డలు మార్చి కొత్త మోడలు పేరిట అమ్మేవి అనేకం. వాటికి భయపడనక్కరలేదు. అదనపు ధరకు తగినది ఉందా లేదా అన్నదే చూసుకోవాలి. 2024 మే నెలలో వచ్చిన స్విఫ్టు అలాంటిది కాదు. అందులో రూపుతో బాటు నాలుగు సిలిండర్ల పాత ఇంజను పోయి మూడు సిలిండర్ల కొత్త ఇంజను వచ్చింది. అదే ఏడాది నవంబరులో వచ్చిన డిజైరుకూ అదే ఇంజను పెట్టారు. కొత్త ఇంజను చెడ్డదని ఎవరూ అనలేరు. ఐతే పాత ఇంజను గురించి ఊరూరా మెకానిక్కు చెప్పగలిగినంత నమ్మకంగా దీన్ని గురించి చెప్పడానికి మరికొన్ని లక్షల కిలోమీటర్లు తిరగాలి.

అంబాసిడరు 1958 నుంచి 2014 వరకు పెద్దగా మారకుండానే నడిచింది. దాని రోగాలు తక్కువేమీ కావు. కాని ప్రతి రోగమూ అందరికీ తెలుసు, మందు ఊరి చివర షెడ్డులో దొరికేది. ఇప్పటి కారుకు స్పానరు సెట్టుతో బాటు కంప్యూటరు స్కానరూ కావాలి. కొత్త మోడలు రిపేరు నేర్చిన మనిషి ముందు కంపెనీ వర్కుషాపుకు వస్తాడు, బయటి షెడ్డుకు ఆ విద్య చేరేసరికి ఒకటి రెండేళ్ళు గడుస్తాయి. పార్టుల సంగతీ అంతే. బయానా ఇచ్చే ముందు సేల్సు వారిని కాక, వెనక వర్కుషాపులోకి పోయి అక్కడి ఫోర్‌మన్‌ను ఆ మోడలు కార్లు దేనికి వస్తున్నాయో అడిగి తెలుసుకోవడం మేలు.

డీజిలు కారు, పొలం బాట

యంత్రం మారితే నడిపే అలవాటు కూడా మారాలన్నది డీజిలు కార్ల విషయంలో తేటతెల్లమైంది. 2020 ఏప్రిల్ 1న బీఎస్ 6 నిబంధన వచ్చిన తర్వాత డీజిలు కార్ల పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టరు చేరింది. ఆ మసి ఎప్పటికప్పుడు లోపలే కాలిపోవాలంటే బండి అప్పుడప్పుడు హైవే మీద నిలకడైన వేగంతో కొంతసేపు నడవాలి. ఇంటినుంచి చెరువు గట్టుకు, గట్టునుంచి రైసుమిల్లుకు మూడేసి కిలోమీటర్లు తిరిగే కారుకు ఆ వేడి అందదు. ఫిల్టరు మూసుకుపోయి హెచ్చరిక లైటు వెలుగుతుంది. దాన్ని లెక్కచేయకపోతే ఖర్చు తడిసి మోపెడవుతుంది. ఇందులో తయారీ లోపమేమీ లేదు. పాత డీజిలు బండి నడిపిన తీరునే కొత్తదాన్ని నడపడం వల్ల వచ్చిన చిక్కు. ఊరు దాటని కారుకు పెట్రోలే నయం.

పాతదే మేలా?

ఇదంతా చూసి పాత మోడలే కొనాలని తీర్మానించడమూ తొందరపాటే. కొత్త డిజైరు 2024 నవంబరులో గ్లోబల్ ఎన్‌క్యాప్ ప్రమాద పరీక్షలో పెద్దల రక్షణకు 5 నక్షత్రాలు పొందింది. మారుతి కార్లలో ఆ సంస్థ నుంచి 5 నక్షత్రాలు అందుకున్న మొదటిది అదే. లారీలతో, ధాన్యం ట్రాక్టర్లతో నిండిన మన రోడ్ల మీద ఇది తీసివేయదగ్గ విషయం కాదు. మరోవంక, మోడలు మారబోయే ముందు పాత స్టాకును తగ్గింపు ధరకు ఇస్తారు. అది తీసుకునేవారు రెండు సంగతులు మరువరాదు. కారు తయారైన నెల, సంవత్సరం చూసి గాని బేరమాడరాదు. అమ్మేనాడు పాత రూపు కారుకు ధర తగ్గుతుందన్నది రెండవది. పదేళ్ళు ఉంచుకునే రైతుకు అది నష్టం కాకపోవచ్చు. నాలుగేళ్ళకు మార్చేవాడికి నష్టమే.

గ్యారంటీ మీద మాత్రం బేరమాడకుండా ఖర్చు పెట్టవచ్చు. మారుతి కంపెనీ 2024 జూలై నుంచి మామూలు గ్యారంటీని 2 ఏళ్ళు లేదా 40,000 కిలోమీటర్ల నుంచి 3 ఏళ్ళు లేదా లక్ష కిలోమీటర్లకు పెంచింది. సొమ్ము కట్టి దాన్ని మరికొన్నేళ్ళు పొడిగించుకునే వీలు ఇతర కంపెనీలలోనూ ఉంది. ఇంజను కొత్తదైన కారుకు ఈ పొడిగింపు తప్పనిసరి అనుకోవాలి. కాగా, ఆయిలు మార్పిడి తెలిసిన మెకానిక్కు వద్ద చవకగా చేయించుకుని బిల్లులు లేకుండా పోయినవారు తరువాత గ్యారంటీ అడిగితే కంపెనీ కాగితాలు చూపమంటుంది. ధాన్యం గాదె పక్కన కారు నిలిపి, ఎలుకలు వైర్లు కొరికితే అది సాధారణంగా గ్యారంటీ కిందకు రాదు!

వెనక్కు పిలుపు అందేనా?

కంపెనీ కార్లను వెనక్కు పిలిచిందంటే ఆ కారు పనికిమాలినదని ప్రచారం చేయడం సరికాదు. దాచిపెట్టే కంపెనీకంటె చెప్పి సరిచేసే కంపెనీ మేలు. 2012 నుంచి కంపెనీలు తమంతట తాముగా ఈ పద్ధతి పాటిస్తున్నాయి. 2019 నాటి మోటారు వాహనాల సవరణ చట్టం దీనికి చట్టబద్ధత కల్పించింది. 2021 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన నిబంధనల ప్రకారం, ఏడేళ్ళ లోపు వాహనాలలో భద్రతకు సంబంధించిన లోపం ఉంటే ప్రభుత్వమే వెనక్కు పిలవమని ఆదేశించవచ్చు. బండ్ల సంఖ్యను బట్టి 10 లక్షల నుంచి కోటి రూపాయల దాకా జరిమానా వేయవచ్చు.

చిక్కల్లా పిలుపు అందడంలో ఉంది. కంపెనీ రికార్డులో ఉన్న ఫోనుకే కబురు వస్తుంది. పల్లెల్లో తిరిగే కార్లలో చాలా భాగం చేతులు మారినవి. మొదటి యజమాని హైదరాబాదులో ఉంటాడు, కబురు ఆయనకు పోతుంది, కారు ఇక్కడ అదే లోపంతో తిరుగుతుంది. సెకండ్ హ్యాండు కారు కొన్నవారు ఛాసిస్ నంబరు రాసుకుని కంపెనీ వెబ్‌సైటులో గాని, వర్కుషాపులో గాని చూపించుకుంటే ఆ కారుకు పెండింగులో ఉన్న పిలుపు ఏదైనా ఉందేమో తేలుతుంది. రిపేరు ఉచితం. అప్పుడే తమ పేరు, ఫోను నంబరు అక్కడ నమోదు చేయించుకోవాలి.

ఒకే లోపం మళ్ళీ మళ్ళీ వస్తున్నా షోరూము వారు పట్టించుకోనప్పుడు జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. చెల్లించిన ధర 50 లక్షల రూపాయల వరకు ఉన్న కేసులు అక్కడ తీసుకుంటారు. ధర 5 లక్షల దాకా ఐతే ఫీజు లేదు, 10 లక్షల దాకా 200 రూపాయలు, 20 లక్షల దాకా 400 రూపాయలు. వివాదానికి కారణం తలెత్తిన రెండేళ్ళలో ఫిర్యాదు చేయాలి. అక్కడ నిలబడేవి జాబ్ కార్డులు. కారును వర్కుషాపులో వదిలిన ప్రతిసారీ లోపం ఏమిటో తెలుగులోనైనా సరే కార్డు మీద రాయించి, తేదీ, కిలోమీటర్ల అంకె వేయించి, కాపీ తీసుకుని గాని బయటకు రాకూడదు.