అంబాసిడర్‌కి ఆయాసమా?

ఆదివారం పూట తుడిచి మురిసిపోవడానికే అయితే తాతగారి అంబాసిడర్‌తో ఏ గొడవా లేదు. రోజూ ఆఫీసుకీ, పిల్లల బడికీ అదే బండి అయితేనే చిక్కు. ఫ్లైఓవర్ ఎక్కుతూ రొప్పుతుంది. వెనక ఆటోవాడు హారన్ మోగించేస్తాడు. 'ఇంజిన్ పీకించేసి డీజిల్‌ది వేయించండి సార్' అని సలహా ఇచ్చేవాళ్లకు కొదవే ఉండదు.

తొందరపడకండి. ఇంజిన్ మారిస్తే ఆర్టీయే అనుమతి కావాలి, ఆర్సీలో ఎక్కించాలి. అదంతా ఎందుకు? ఉత్తరపారాలో 2014లో తయారీ ఆగిపోయిన ఈ కారు పాత మోడళ్లలో ఉన్నది 1489 సీసీ పెట్రోలు ఇంజిన్. కొత్తలోనే దాని శక్తి సుమారు 50 హార్స్‌పవర్. అందులో ఇప్పుడెంత మిగిలిందన్నదే అసలు ప్రశ్న. కొత్త శక్తి తేవడం కాదు, పోయినదాన్ని వెనక్కి రాబట్టడమే పని.

ముందుగా నాలుగు సిలిండర్లకూ కంప్రెషన్ చూపించండి. ఒకదాంట్లో బాగా తక్కువుంటే ప్లగ్గు రంధ్రంలోంచి చెంచాడు ఇంజినాయిల్ పోసి మళ్లీ చూడమనండి. అంకె పెరిగితే రింగులు అరిగినట్టు. పెరగలేదా, అనుమానం వాల్వుల మీదే. ఈ పరీక్ష చేయకుండా కార్బురేటర్ విప్పే మెకానిక్‌కి ఓ నమస్కారం పెట్టి వచ్చేయడం మేలు.

తర్వాత టాపెట్లు. ఇంజిన్ వేడి మీద సందు 0.38 మిల్లీమీటర్లు ఉండాలి. టకటక చప్పుడొస్తే చాలామంది కంగారుపడి బిగించేస్తారు. నిజానికి చప్పుడు బొత్తిగా లేకపోతేనే భయపడాలి. సందు చాలక వాల్వు పూర్తిగా మూసుకోదు, కాలిపోతుంది. పైగా 2000 నుంచి మనదేశంలో సీసం కలిపిన పెట్రోలు లేదు. పాత హెడ్లలో వాల్వు సీట్లను కాపాడింది ఆ సీసమే. అది లేక సీటు అరిగి, సందు దానంతటదే తగ్గుతుంది. హెడ్ విప్పాల్సి వస్తే గట్టి సీట్లు వేయించేయండి.

పాయింట్ల సంగతి చిన్నదే కానీ పికప్ మింగేది అదే. గ్యాప్ 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. అరిగేకొద్దీ గ్యాప్ తగ్గి, టైమింగ్ వెనకబడి, ఇంజిన్ వేడెక్కుతుంది. అయిదు వేల కిలోమీటర్లకోసారి చూసుకునే ఓపిక లేనివారు పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టించుకోవచ్చు.

ఎస్‌యూ కార్బురేటర్ ఉంటే ఓ సరదా పరీక్ష ఉంది. ఇంజిన్ ఐడిలింగ్‌లో ఉండగా లోపలి పిస్టన్‌ని మిల్లీమీటరు మాత్రం ఎత్తండి. వేగం పెరిగి అలాగే ఉంటే పెట్రోలు ఎక్కువ తాగుతోంది. ఆగిపోబోతే తక్కువ. కాస్త పెరిగి సర్దుకుంటే సరిగ్గా ఉన్నట్టు. ఇప్పటి బంకుల్లో పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటోంది కాబట్టి పాత సెట్టింగుకి మిశ్రమం పలచనవుతుంది. జెట్ కొద్దిగా దించాలి. పాత రబ్బరు పైపుల్నీ, పంపు డయాఫ్రమ్‌నీ ఇథనాల్ పాడుచేస్తుంది. పెట్రోలు వాసన వస్తే ఉపేక్షించొద్దు, మంటలతో చెలగాటం.

ఇవన్నీ అయ్యాక బండి ఫ్లైఓవర్‌ని హుషారుగానే ఎక్కుతుంది. దిగేటప్పుడు ఆపాల్సింది మాత్రం పాతకాలపు డ్రమ్ము బ్రేకులే. షెడ్డులోంచి బండి తీసేముందే లైనర్లు చూపించండి.