తీరంలో తోటకు తొందర తగదు

నెల్లూరు: తొలకరి పడగానే పండ్ల మొక్కలు నాటాలన్నది రాష్ట్రమంతటా వినిపించే సలహా. నెల్లూరు తీరానికి అది పూర్తిగా వర్తించదు. నైరుతి రుతుపవనాల ప్రభావం ఇక్కడ అంతంత మాత్రమే. ఏడాది వర్షంలో సగానికి పైగా అక్టోబరు-డిసెంబరు నెలల్లో ఈశాన్య రుతుపవనాల వల్లే కురుస్తుంది. జూన్‌లో నాటిన మొక్క నీటి వసతి లేకుంటే వడగాడ్పులకు మాడిపోతుంది. నవంబరులో పల్లపు నేలలో నాటినది నీట మునుగుతుంది. సరైన అదను ఎంచుకోవడంపైనే రైతు పెట్టుబడి ఆధారపడి ఉంది.

తుపాన్ల కాలం

1984 నవంబరులో శ్రీహరికోట ప్రాంతంలో, 1989 నవంబరులో కావలి సమీపంలో తీవ్ర తుపాన్లు తీరం దాటాయి. 2021 నవంబరులో పెన్నా వరద ముంచెత్తింది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను ఈ తీరం వెంబడే సాగి బాపట్ల వద్ద తీరం దాటింది. ముప్పు ఏ నెలల్లో పొంచి ఉంటుందో ఈ అనుభవాలే చెబుతున్నాయి. నీరు నిలవని మెరక ఇసుక నేలల్లో ఆగస్టు చివరి నుంచి సెప్టెంబరులోగా నాటితే భారీ వర్షాల నాటికి వేరు నిలదొక్కుకుంటుంది. పల్లపు భూముల్లో వర్షాలు వెనక్కి తగ్గాక జనవరిలో నాటడమే మేలు. అయితే తొలి వేసవికి బిందు సేద్యమో, మరో నీటి ఆధారమో తప్పనిసరి.

ముందు నీటి పరీక్ష

తీర మండలాల్లో రొయ్యల చెరువులు విస్తరించిన చోట భూగర్భ జలాల్లో ఉప్పు సమస్య ఎదురవుతోంది. నిమ్మ ఉప్పునూ, నీటి నిల్వనూ తట్టుకోలేదు. కొబ్బరి, సపోటా కొంతమేర తట్టుకుంటాయి. మెరక ఇసుక నేలలకు జీడిమామిడి అనుకూలం. అందువల్ల మొక్క కొనడానికి ముందే మట్టి, బోరు నీరు పరీక్ష చేయించుకోవాలి. ఆ ఫలితాన్ని బట్టే పంటను నిర్ణయించుకోవాలి.

ధర చూసి పరుగు

2022 ఏప్రిల్‌లో దేశంలోని పలు నగరాల్లో నిమ్మ చిల్లర ధర కిలో 200 రూపాయలు దాటింది. గూడూరు మార్కెట్‌లో ధర పెరిగినప్పుడల్లా నిమ్మ సాగుపై ఆసక్తి పెరగడం సహజం. కానీ నేడు నాటిన నిమ్మ కాపుకు రావడానికి మూడు, నాలుగేళ్లు పడుతుంది. నాటి ధర అప్పటికి ఉంటుందన్న భరోసా లేదు. మొక్క నాసిరకమని తేలేదీ అప్పుడే. ఆరు మీటర్ల ఎడంతో ఎకరాకు సుమారు 110 మొక్కలు పడతాయి. పోయేది మొక్కల ఖరీదు మాత్రమే కాదు, అన్నేళ్ల సేద్యపు ఖర్చు కూడా.

ఎక్కడ కొనాలి?

నిమ్మకు పెట్లూరు, తిరుపతి పరిశోధనా స్థానాలు, జీడిమామిడి అంట్లకు బాపట్ల పరిశోధనా స్థానం నమ్మదగినవి. గజ్జి తెగులును తట్టుకునే బాలాజీ నిమ్మ తిరుపతిలో రూపొందినదే. అక్కడ దొరకనప్పుడు రిజిస్టరైన నర్సరీల్లోనే కొనాలి. ఉద్యాన నర్సరీల రిజిస్ట్రేషన్‌కు రాష్ట్రంలో 2010లోనే చట్టం వచ్చింది. రకం పేరు రాసిన రశీదు చేతిలో ఉంటేనే ఆ చట్టం రైతుకు అక్కరకు వస్తుంది. లారీల్లో ఊరూరా తిప్పి అమ్మే మొక్కలకు ఆ ఆధారం ఉండదు. చౌకగా దొరికిన మొక్క చివరికి ఖరీదైనదిగా మారే ప్రమాదం ఇక్కడే ఉంది.