సైకిల్ అమ్మకండి.. బాట మార్చండి

‘‘సైకిల్ అమ్మేయమంటరా సార్?’’

మొన్న ఓపీలో ఒకాయన అడిగిన ప్రశ్న ఇది. వయసు 44. మూడేళ్ల కిందట షుగర్ బయటపడింది. నా మాట విని గేర్ల సైకిల్ కొనుక్కున్నారు. రోజూ తెల్లవారుజామున హైవే అంచున తొక్కేవారు. ఆర్నెల్లలో హెచ్‌బీఏ1సీ 8.4 నుంచి 6.9కి దిగింది. ఒకరోజు రాంగ్ రూట్‌లో వచ్చిన బైక్ తగిలి పడిపోయారు. కాలర్ బోన్ విరిగింది. ఎముక అతికింది గానీ భయం పోలేదు. సైకిల్‌కు దుమ్ము పట్టింది, షుగర్ మళ్లీ ఎనిమిది దాటింది.

ఆయన చేసిన వ్యాయామం సరైందే. తొక్కమని చెప్పిన నేను, ఎక్కడ తొక్కాలో చెప్పలేదు. ఆ లోపం నాది. ఇవాళ అదే చెబుతాను.

మన ఊరి గట్లే చాలు

మౌంటెన్ బైకింగ్ అనగానే మనాలి, లద్దాఖ్ గుర్తొస్తాయి. నిజానికి ఈ ఆట 1970లలో కాలిఫోర్నియా కుర్రాళ్లు పాత సైకిళ్లతో తమ ఊరి కొండ మట్టిరోడ్ల మీద మొదలుపెట్టింది. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో చేరింది. దీనికి మంచుకొండలు అక్కర్లేదు. ఎత్తుపల్లాలున్న మట్టిబాట చాలు. అవి చివ్వెంల మండలంలో కావలసినన్ని ఉన్నాయి.

కొత్తవాళ్లు కాలువ కట్టలతో మొదలుపెట్టండి. మా వైపు శ్రీరాంసాగర్ రెండో దశ కాలువలున్నాయి. మిర్యాలగూడ వాళ్లకు సాగర్ ఎడమ కాలువ ఉంది. కట్ట మీద దారి చదునుగా ఉంటుంది, లారీల బెడద ఉండదు. అయితే నీళ్లకు దూరంగా ఉన్న అంచునే తొక్కండి. లైనింగ్ వేసిన కాలువలో పడితే ఈత వచ్చినవాళ్లూ పైకి రావడం కష్టం. చీకట్లో అసలే వద్దు.

నెల రోజులు అలవాటయ్యాక చెలకల మధ్య బండ్లబాటలు పట్టండి. దురాజ్‌పల్లి పెద్దగట్టు చుట్టుపక్కల నేల చిన్న చిన్న ఎక్కుడు దిగుడులతో ఉంటుంది. రెండేళ్లకోసారి లింగమంతుల స్వామి జాతర జరిగే రోజులు తప్ప మిగతా కాలమంతా అక్కడ ప్రశాంతమే. ఆ తర్వాతే ఉండ్రుగొండ. నరసింహస్వామి గుడి, పాత కోట గోడలు, చుట్టూ అడవి. గుట్ట కింది మట్టిబాటల వరకే వెళ్లండి, మెట్ల మీదికి, కోట గోడల మీదికి సైకిల్ ఎక్కించొద్దు. అది అడవి కాబట్టి ముందు అటవీ సిబ్బందిని అడగండి. తెలియని బాటను మొదటిసారి నడిచి చూడండి.

ఒంటికి ఏం జరుగుతుంది?

ఎక్కుడులో గుండె వేగం పెరుగుతుంది, దిగుడులో తగ్గుతుంది. తొడ కండరాలు రక్తంలోని గ్లూకోజ్‌ను వాడుకుంటాయి. ఆ ప్రభావం తొక్కడం ఆపాక కూడా కొన్ని గంటలు ఉంటుంది. గతుకుల్లో పడిపోకుండా నిలదొక్కుకోవడానికి నడుము, పొట్ట కండరాలూ పనిచేస్తాయి. వారానికి కనీసం 150 నిమిషాల వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే అరగంట చొప్పున ఐదు రోజులు.

ఎక్కేటప్పుడు చిన్న వాక్యం కూడా మాట్లాడలేకపోతే గేరు తగ్గించండి. దిగి నెట్టుకుంటూ నడిచినా పరువు పోదు. పెడల్ బాగా కిందికి వెళ్లినప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉండేలా సీటు పెట్టుకోండి. సీటు మరీ కిందికి ఉంటే మోకాలి చిప్ప వెనుక నొప్పి వస్తుంది.

వీళ్లు ముందు డాక్టర్‌ను కలవాలి

నడిస్తే ఛాతీ పట్టేసేవారు, స్టెంట్ వేయించుకున్నవారు, బీపీ అదుపులో లేనివారు పరీక్ష చేయించుకోకుండా ఎక్కుడు తొక్కొద్దు. షుగర్ వల్ల కంటి రెటీనా దెబ్బతిన్నవారికి గతుకుల కుదుపులు మంచివి కావు. పాదాలకు స్పర్శ తగ్గినవారు చెప్పులతో తొక్కొద్దు, బూట్లు వేసుకుని ఇంటికొచ్చాక పాదాలు చూసుకోండి. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ లాంటివి వాడేవారు ఖాళీ కడుపుతో బయల్దేరొద్దు. జేబులో చక్కెర పొట్లం ఉండాలి. చెమటలు, వణుకు వస్తే వెంటనే ఆగి నోట్లో వేసుకోండి. మందు డోసు సొంతంగా మార్చొద్దు.

హెల్మెట్, రెండు సీసాల నీళ్లు, తోడుగా ఒక మనిషి తప్పనిసరి. పల్లేరు కాయలు, తుమ్మ ముళ్లు టైర్లను వదలవు కాబట్టి పంక్చర్ కిట్, గాలి పంపు ఉంచుకోండి. ఎండాకాలంలో ఎండెక్కక ముందే ఇంటికి చేరండి. వాన పడ్డాక రేగడి నేల వైపు వెళ్లొద్దు, చక్రం కదలదు. కుక్క కరిస్తే సబ్బు నీళ్లతో 15 నిమిషాలు కడిగి అదే రోజు టీకా వేయించుకోండి. పాము కాటేస్తే తాడుతో బిగించడం, కోయడం చేయొద్దు. ఆ మనిషిని కదలనీయకుండా ఉంచి 108కు ఫోన్ చేయండి.

అడిగేది పది బోర్డులే

హైదరాబాద్‌లో అవుటర్ రింగ్ రోడ్డు పక్కన సౌర పలకల పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023లో మొదలైంది. మాకు అంతటిది అక్కర్లేదు. ఉన్న బాటలకు బాణం గుర్తులు, కిలోమీటరు రాళ్లు, ప్రమాదకరమైన మలుపు దగ్గర హెచ్చరిక బోర్డు పెడితే చాలు. అడవిలో ఎంత దూరం వెళ్లొచ్చో అటవీ శాఖ, కట్ట మీద ఎక్కడ తొక్కొచ్చో నీటిపారుదల శాఖ రాసి పెట్టాలి. ముళ్లకంపలు కొట్టించే పని పంచాయతీలు చూడాలి. దయచేసి సీసీ రోడ్డు మాత్రం వేయకండి. వేసిన మర్నాటి నుంచి ట్రాక్టర్లూ బైకులూ అటే వస్తాయి.

‘దవాఖానలో పడకలే చాలవు, సైకిల్ బాటలెందుకు?’ అని ఎవరైనా అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవారు పది కోట్ల పైమాటే. షుగర్ కిడ్నీలను పూర్తిగా తినేస్తే ఆ మనిషి సాధారణంగా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు డయాలసిస్ మంచం మీద ఉండాలి. ఆ మంచం దాకా రాకుండా కొందరినైనా ఆపగలిగితే, పది బోర్డుల ఖర్చు ఏపాటిది?

ఆయనకు అదే చెప్పాను. పోయిన ఆదివారం కొడుకును తోడు తీసుకుని కాలువ కట్ట మీద నాలుగు కిలోమీటర్లు తొక్కారట. మళ్లీ మూడు నెలలకు హెచ్‌బీఏ1సీ చూస్తాం. మీ ఇంట్లోనూ దుమ్ము పట్టిన సైకిల్ ఉంటే, ఈ ఆదివారం దించి గాలి కొట్టించండి.