దస్తర్‌ఖాన్ మీదికి రావలసిన కూజాలు

తపాలాబిళ్ళలు, నాణేలు, అగ్గిపెట్టెల బొమ్మలు సేకరించే అభిరుచి విద్యార్థులకు కొత్త కాదు. మన ఇళ్ళలోని పెద్దలకూ ఒక సేకరణాభిరుచి ఉన్నది గాని, దానికి వారు ఆ పేరు పెట్టుకోరు. చుట్టాలు వచ్చినప్పుడు తీద్దామని దాచిన పింగాణీ సామాను, వేడి చల్లారనీయని థర్మాస్ కూజాలు, మూతగిన్నెలు, మంచుముక్కల పాత్రలు అన్నీ ఒకచోట చేర్చి చూస్తే మధ్యతరగతి గృహమంతా ఒక చిన్న ప్రదర్శనశాలగానే కనిపిస్తుంది. పాశ్చాత్య దేశాలలో అయిదారు దశాబ్దాల నాటి ఇటువంటి కూజాలను వెదకి కొని, ఇంటి విందులలో వాడుకోవడం ఒక వేడుక అయినది. దీనిని తీరికగలవారి వ్యసనమని కొట్టివేయడం నాకు సమ్మతం కాదు. అయితే కొన్న ప్రతి కూజానూ అద్దాల బీరువాలో పెట్టి తాళం వేయడం అంతకంటె సమ్మతం కాదు. ఎందుకో కొంత వివరంగా మనవి చేస్తాను.

ఈ పాత్రకు మూలపురుషుడు ఒక రసాయన శాస్త్రజ్ఞుడు. స్కాట్లండులో జన్మించిన జేమ్స్ డ్యూవార్ లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో వాయువులను ద్రవరూపానికి తెచ్చే ప్రయోగాలు చేసేవాడు. అంతటి చల్లని ద్రవాలు మామూలు పాత్రలో నిలువక ఆవిరైపోయేవి. 1892లో ఆయన ఒక గాజు పాత్రలో మరొక గాజు పాత్రను అమర్చి, రెండింటి నడుమనున్న గాలిని తీసివేశాడు. గాజుకు పూసిన వెండిపూత కిరణరూపంలో పోయే వేడిని వెనుకకు మళ్ళించేది. వహనము, సంవహనము, వికిరణము అని భౌతికశాస్త్ర పాఠంలో మనం వల్లించే మూడు మార్గాలకూ ఒకే పాత్రలో అడ్డుకట్ట పడినదన్నమాట. 1898లో హైడ్రోజనును ద్రవీకరించిన ఘనత కూడా ఈ డ్యూవార్‌దే.

ఆయన తన పాత్రకు పేటెంటు తీసుకోలేదు. బెర్లిన్ నగరంలో గాజు పనిముట్లు చేసే రైన్‌హోల్డ్ బుర్గర్ దానికి లోహపు తొడుగు వేసి, గృహోపయోగానికి తగినట్లు తీర్చి 1903లో పేటెంటు పొందాడు. మరుసటి సంవత్సరం, వేడిమిని సూచించే గ్రీకు పదం ఆధారంగా ‘థర్మోస్’ అనే పేరు పుట్టింది. డ్యూవార్ న్యాయస్థానానికి వెళ్ళినా ఫలితం లేకపోయింది. ఆ పేరు ఎంతగా వ్యాపించినదంటే, అది సామాన్యనామంగా మారిపోయినదని 1963లో అమెరికా అప్పీలు న్యాయస్థానం తీర్పు చెప్పవలసివచ్చింది. మన నానీమాలు ఆ తీర్పు కోసం ఎదురుచూడలేదు. ఏ కంపెనీ ఫ్లాస్కు అయినా వారికి థర్మాసే!

తెలుగు ఉపన్యాసకుడిని గనుక ఇక్కడ ఒక్కమాట. ‘కూజా’ ఫారసీ నుంచి ఉర్దూ మీదుగా మనకు వచ్చింది. ‘జగ్గు’ ఆంగ్లం నుంచి వచ్చింది. ప్రయాణాలలో నీళ్ళు తొణకకుండా తీసుకుపోయే ‘మరచెంబు’ మాత్రం అచ్చంగా మనది. మూడు భాషల పాత్రలూ ఒకే చాప మీద కూర్చున్న ఇల్లు మనది. వీటిలో మట్టికూజా గుణం వేరు. అది నీటిని కొద్దికొద్దిగా బయటికి ఊరనిచ్చి, ఆ తడి ఆరడం వలన లోపలి నీటిని చల్లబరుస్తుంది. థర్మాస్ ఏ నీటినీ తనంతట చల్లబరచదు, వేడి చేయదు. ఇచ్చినదానిని ఇచ్చినట్లు కాపాడుతుంది.

సేకరించేవారు మెచ్చుకొనే వస్తువులలో రెండింటిని గురించి చెప్పాలి. అమెరికాలోని వెస్ట్ బెండ్ కంపెనీ గత శతాబ్ది మధ్యకాలంలో చేసిన గుండ్రని పాత్ర ఒకటి. మెరిసే లోహపు ఒంటి చుట్టూ పెంగ్విన్ పక్షుల వరుస ఉబ్బెత్తుగా ఉంటుంది. వేడి పదార్థానికీ మంచుముక్కలకూ అదే పాత్ర. రెండవది డెన్మార్కు దేశపు స్టెల్టన్ సంస్థ కోసం ఎరిక్ మాగ్నుసెన్ 1977లో రూపొందించిన కూజా. నిలువెల్లా ఒక స్తంభంలాగా ఉంటుంది, లోపల గాజు. దాని విశేషమంతా మూతలో ఉన్నది: కూజాను వంచితే మూత తనంతట తాను ఒరిగి దారి ఇస్తుంది, నిలబెడితే మళ్ళీ మూసుకుంటుంది. రెండవచేతితో మూత విప్పే పని లేదు. పెంగ్విన్ల పాత్ర చూడ ముచ్చటైనదే గాని, నన్ను కోరుకొమ్మంటే డెన్మార్కు కూజానే కోరుకుంటాను. దానిని చేసినవాడు వడ్డించేవారి చేతిని గురించి ఆలోచించాడు.

నా వాదం అంతా ఈ వడ్డించే చేతిని గురించే. థర్మాస్ రాకపూర్వం మన ఇళ్ళల్లో అతిథి మర్యాద అంటే ఏమిటి? దీవాన్‌ఖానాలో పదిమంది కూర్చొని మాట్లాడుకుంటూ ఉంటారు. వంటింట్లో ఒకరు పొయ్యి ముందు కూర్చొని, కేక వినబడినప్పుడల్లా మళ్ళీ నీళ్ళు మరిగిస్తూ ఉంటారు. ఆ ఒకరు అమ్మో, వదినో, ఇంటి కోడలో. చుట్టాలు తెచ్చిన కబుర్లు ఆమె చెవిని పడేసరికి అవి కూడా చల్లారిపోయేవి. ఒక్కసారి కాచి కూజాలో పోస్తే రెండు మూడు గంటలపాటు ఆమె కూడా వచ్చి కూర్చొనవచ్చును. పెంగ్విన్లు, రంగులు, మెరుపులు అన్నీ ఆ తరువాతి సంగతులు.

దీనికి పెద్దల ఆక్షేపణ ఒకటున్నది. ఫ్లాస్కులోంచి చాయ్ పోయడం అతిథిని చిన్నబుచ్చడమని వారు అంటారు. ఎప్పుడో కాచినది ఇప్పుడు ఇస్తారా అని వారి ప్రశ్న. ఈ ఆక్షేపణలో సత్యం లేకపోలేదు. పాలు, చక్కెర, ఆకు కలిపి మరిగించిన చాయ్‌ని గంటల తరబడి మూసి ఉంచితే రుచి చెడుతుంది; వేడి సగం తగ్గిన తరువాత పాలలో సూక్ష్మజీవులు పెరగడానికి కూడా అవకాశం కలుగుతుంది. అయితే ఈ దోషం కూజాది కాదు, దానిలో పోసినదానిది. హైదరాబాదు ఇరానీ హోటళ్ళవారు దీనికి ఉపాయం ఏనాడో కనిపెట్టారు. డికాక్షను ఒక పాత్రలో, చిక్కగా మరిగిన పాలు వేరొక పాత్రలో ఉంచి, కప్పులోనే కలుపుతారు. ఇంట్లో కూడా వడగట్టిన డికాక్షను కూజాలో పోసి, పాలు అప్పటికప్పుడు కాచి కలిపితే పెద్దలకు ఫిర్యాదు ఉండదు. పాలులేని సులైమానీ అయితే ఆ చిక్కు కూడా లేదు.

అరబ్బు దేశాల ఆచారం ఈ మాటను బలపరుస్తుంది. అక్కడ అతిథికి ఇచ్చే గహ్వాలో పాలుండవు, ఏలకులుంటాయి. కొంగముక్కు వంటి మూతి గల ‘దల్లా’ అనే పాత్రలోంచి చిన్న ఫింజాన్లలో కొద్దికొద్దిగా పోస్తారు. ఇక చాలునని చెప్పదలచిన అతిథి ఫింజాన్‌ను అటూ ఇటూ కదిలిస్తాడు. ఈ అరబ్బు కాఫీ సంప్రదాయాన్ని యునెస్కో 2015లో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. దల్లా ఆకారంలోనే థర్మాస్ కూజాలు చేసి, అక్కడివారు పాత ఆచారాన్ని కొత్త పాత్రలోకి అవలీలగా మార్చుకున్నారు.

ఆ కూజాలే గల్ఫుకు వెళ్ళినవారి పెట్టెలలో హైదరాబాదుకూ, కడపకూ, కరీంనగరుకూ వచ్చాయి. వచ్చి ఏమైనాయి? ఎన్నో ఇళ్ళల్లో అవి షోకేసుకు ఎక్కాయి. బంగారు రంగు అంచు, పిడికి చుట్టిన ప్లాస్టిక్ కాగితం, అడుగున ధర చీటీ, అన్నీ ఇరవై ముప్పై ఏళ్ళుగా అలాగే ఉంటాయి. మూత విప్పితే లోపల గాలి కూడా ఆనాటిదే! కొన్న మనిషి అక్కడ మండుటెండలో పనిచేసి సంపాదించిన రూకలవి. తన తల్లి ఒక్కపూటైనా పొయ్యి దగ్గర నుంచి లేచి కూర్చుంటుందని అతడు పంపి ఉండవచ్చును.

దీనికంటె విచారకరమైనది జహేజులో ఇచ్చే సామాను. కూజాల జత, మూతగిన్నెల జత, ఆరుగురికి సరిపడు విందు సామాను అంటూ జాబితా రాసుకొని, ఆడపిల్ల తండ్రి అప్పు చేసి కొంటాడు. అవి పెట్టెల్లోంచి దిగకుండానే అటక ఎక్కుతాయి. చైనాలోనూ పువ్వుల బొమ్మల థర్మాస్‌లను జతగా పెండ్లికి ఇచ్చే అలవాటు ఉండేది గాని, అక్కడ వేడినీళ్ళు త్రాగడం నిత్యకృత్యం కావడం చేత అవి మర్నాటి నుంచే పనిలోకి వచ్చేవి. వాడని కొత్త జతకంటె, జుమ్మేరాత్ బజారులో బేరమాడి తెచ్చి వారానికొకసారి వాడే పాత కూజా ఒకటి ఇంటికి ఎక్కువ అందమని నా అభిప్రాయం. పాత వస్తువును కొని వాడుకొనే పద్ధతి మన యువతరానికి అలవాటైతే ఆ జాబితాలు కొంతైనా కురచ అవుతాయి.

పాతవి కొనేటప్పుడు కొంత పరీక్ష అవసరం. లోపలి గాజు మీది వెండిపూత ఎక్కడైనా చెరిగి పారదర్శకంగా కనిపించినా, నల్లబడినా అనుమానించాలి. ముందు గోరువెచ్చని నీటితో తొలిచి, తరువాత మరిగే నీళ్ళు పోసి, కొంతసేపాగి బయటి గోడను తాకి చూడాలి. అది వెచ్చబడితే నడుమనున్న శూన్యం పోయినట్లే. వేడి ఎక్కువగా బయటపడే దారి మూతి గనుక బిరడా గట్టిగా కూర్చొనవలెను. వెడల్పు మూతి పాత్ర నుంచి ఇరుకు మెడ కూజా చేసే పనిని ఆశించరాదు. లోపల తెల్లని పొర కట్టితే నిమ్మరసం కలిపిన వేడినీళ్ళు చాలు. బాగా పాతకాలపు కొన్నింటిలో రెండు గాజుల మధ్య ఆస్బెస్టాసు బిళ్ళలు ఉండేవి. కాబట్టి పగిలిన పాత ఫ్లాస్కును విప్పి చూసే కుతూహలం వద్దు. వెండిపూత ఎలా పడుతుందో చూడదలచిన విద్యార్థులు రసాయన ప్రయోగశాలలో అమ్మోనియా కలిపిన సిల్వర్ నైట్రేటుతో పరీక్షనాళికలో వెండి అద్దం తయారయ్యే ప్రయోగం చూస్తే చాలును.

చివరిగా కళాశాల కమిటీవారికి ఒక విన్నపం. మన వార్షికోత్సవం నాడు సభ నడిచినంతసేపూ వెనుక వరండాలో అటెండరు ఒకరు స్టవ్ ముందు నిలబడి ఉంటారు. వేదిక మీదివారికి రెండుసార్లు, అతిథులకు మూడుసార్లు చాయ్ కాచి, కాగితపు కప్పులలో అందిస్తారు. తన కొడుకు బహుమతి అందుకొన్నా ఆయన చూడలేరు. విద్యార్థుల ఇళ్ళల్లో షోకేసులకెక్కిన కూజాలలో మంచివి నాలుగు, గాజు పరీక్షించి, కళాశాలకు ఇప్పించవలసినదిగా తల్లిదండ్రులను కోరండి. రెండింటిలో డికాక్షను, రెండింటిలో పాలు. పింగాణీ కప్పులు స్టాఫ్‌రూములో ఉన్నవే సరిపోతాయి. సభ మొదలయ్యే ముందే కూజాలు నింపి, చివరి వరుసలో అటెండరుగారికి ఒక కుర్చీ వేయించండి.