సంచుల కాపలా ఎవరిది?

పరీక్షలు అయిపోయాయి. పుస్తకాలు అటకెక్కాయి. ఇక మా ఇంట్లో రాత్రి భోజనాల దగ్గర రోజూ ఒకటే గొడవ. ఈ సెలవుల్లో ఎక్కడికి? ఏటా ఉగాది పచ్చడి తిన్న మర్నాడు మొదలయ్యే ఈ చర్చ, ఆవకాయకి కాయలు తెచ్చే నాటికి గానీ ఒక కొలిక్కి రాదు. మీ ఇంట్లోనూ ఇంతే అయ్యుంటుంది.

ఈసారి ఇంట్లో మూడు పార్టీలు తయారయ్యాయి. తొమ్మిదో తరగతిలోకి వెళ్తున్న మా పెద్దది సింగపూర్ అంది. దాని స్నేహితురాలు కిందటేడు సెంతోసా దీవిలో యూనివర్సల్ స్టూడియోస్ చూసొచ్చిందట. ఆరోలోకి వెళ్తున్న చిన్నాడు హైదరాబాద్ వండర్‌లా అన్నాడు. మా ఆవిడది రామోజీ ఫిల్మ్‌సిటీ. "పెళ్ళైనప్పట్నుంచీ హైదరాబాద్ వెళ్ళినప్పుడల్లా బస్సు కిటికీలోంచి ఆ బోర్డు చూడటమే తప్ప లోపలికి అడుగుపెట్టిందెప్పుడు?" అని ఆవిడ వాదన. కాదనడానికి నా దగ్గర ఏమీ లేదు. విజయవాడ నుంచి వెళ్ళే ప్రతి బస్సూ ఆ ముందు నుంచే కదా పోయేది.

అమ్మని అడిగితే, "నాదేముందిరా, మీరు ఎక్కడికి రమ్మంటే అక్కడికి. రావద్దంటే ఇంకా మంచిది, ఆవకాయ పని చూసుకుంటాను" అంది. ఈ మాట ఏటా అంటుంది. ఏటా మేం నవ్వేసి ఊరుకుంటాం.

సింగపూర్ సంగతి ఒక్క పూటలో తేలిపోయింది. అయిదుగురిలో పాస్‌పోర్టు ఉన్నవాళ్ళం ఇద్దరం. ఆపైన వీసాలు, అయిదు విమానం టిక్కెట్లు, హోటలు. మా ఆవిడ పాల లెక్కలు రాసే పుస్తకం వెనక పేజీలో కూడికలు వేసి, మొత్తం చూసి, ఆ పేజీ చింపేసింది. పెద్దది పట్టు వదలకుండా, "పోనీ హాంకాంగ్ డిస్నీలాండ్?" అంది. 2005లో తెరిచిన ఆ పార్కు మాత్రం నడిచి వెళ్ళే దూరంలో ఉందా? పైగా మే నెలలో అక్కడా ఉక్కపోత, వానలు. డబ్బు పోసి అక్కడికెళ్ళి గొడుగు కింద నిలబడటం నాకు నచ్చలేదు. పెద్దది రెండు రోజులు మూతి ముడుచుకుని, మూడో రోజు తమ్ముడి పార్టీలో చేరిపోయింది.

దాంతో వండర్‌లాకి రెండు ఓట్లు. ఆ పార్కుల వెనక ఉన్నది మనందరికీ తెలిసిన కంపెనీయే. ఫ్రిజ్ పక్కన గోడకి వేలాడే వీ గార్డ్ స్టెబిలైజరు పెట్టిన కొచ్చౌసేఫ్ చిట్టిలప్పిళ్ళి 2000లో కొచ్చిలో వీగాలాండ్ అని మొదటి పార్కు తెరిచారు. 2005లో బెంగళూరు దగ్గర, 2016లో హైదరాబాద్ అవుటర్ రింగురోడ్డు పక్కన రావిర్యాల దగ్గర వండర్‌లాలు వచ్చాయి. కరెంటు ఎక్కువ తక్కువలు కాకుండా చూసే మనిషి, జనాన్ని ఎక్కించి దించే వ్యాపారంలోకి రావడం నాకు భలే తమాషాగా అనిపిస్తుంది.

ఇక్కడ చిన్నాడికి ఒక చిక్కొచ్చిపడింది. అక్కడ పిల్లల లెక్క వయసుతో కాదు, ఎత్తుతో. ఎనభై అయిదు సెంటీమీటర్లు దాటని పిల్లలకి టిక్కెట్టు లేదు. అక్కడి నుంచి నూట నలభై వరకు పిల్లల టిక్కెట్టు. పెద్ద పెద్ద రైడ్లు ఎక్కాలంటే మాత్రం నూట నలభై ఉండాల్సిందే. వెంటనే వాణ్ణి తలుపు చట్రానికి ఆనించి, నెత్తిన స్కేలు పెట్టి కొలిచాం. నూట ముప్ఫై ఎనిమిది! టిక్కెట్టులో మాకు లాభం, సరదాలో వాడికి నష్టం. వారం రోజులుగా వాడు పొద్దున్నే కిటికీ చువ్వ పట్టుకుని వేలాడుతున్నాడు.

"రెండు సెంటీమీటర్లే కదా, బూట్లు వేసుకుంటే సరిపోదూ?" అని నేనే ఒక వెధవ సలహా ఇచ్చాను. తర్వాత ఆలోచిస్తే సిగ్గేసింది. ఆ కొలత ఎవరో సరదాకి పెట్టింది కాదు. భుజాల మీదుగా, ఒడి మీదుగా దిగే ఆ ఇనుప కడ్డీలు ఒక సైజు ఒంటికి పట్టేలా చేసినవి. చిన్న ఒళ్ళయితే కుర్చీ తలకిందులైనప్పుడు ఆ సందులోంచి జారే ప్రమాదం ఉంది. రైడు దగ్గర కొలకర్ర పట్టుకుని నిలబడ్డ కుర్రాడితో వాదనకి దిగే తండ్రుల్ని చాలామందిని చూశాను. ఈ ఏడు నేనూ ఆ జాబితాలో చేరేవాణ్ణి.

ఇలా ఉండగా పిల్లలిద్దరూ వాళ్ళమ్మని తమవైపు తిప్పుకోవడానికి ఒక ఎత్తు వేశారు. నాలుగేళ్ళ కిందట మా బావమరిది కుటుంబంతో కలిసి ఒక నీళ్ళ పార్కుకి వెళ్ళాం. పేరెందుకులెండి, తప్పు పార్కుది కాదు. మొత్తం పదకొండుమందిమి. ఆ ఫొటోలు టీవీలో పెట్టారు. రెండొందల పన్నెండు ఫొటోలు! జారుడుబల్ల మీంచి అరుస్తూ వస్తున్న నేను, అలల కొలనులో మా ఆవిడ, ఆవిడ వదిన, రబ్బరు ట్యూబులో బావమరిది. అందరం పగలబడి నవ్వుతుంటే చిన్నాడు ఉన్నట్టుండి, "నానమ్మ ఆ రోజు మనతో రాలేదా?" అన్నాడు. వాడికప్పుడు ఆరేళ్ళు, గుర్తులేదు.

పక్కగదిలో ఎండుమిరపకాయలకి తొడిమలు తీస్తున్న అమ్మ అక్కణ్ణుంచే, "వచ్చానురా, సంచుల దగ్గర ఉన్నా" అంది.

మా ఆవిడ రిమోటు తీసుకుని మళ్ళీ మొదటి నుంచీ చూసింది. ఒకే ఒక్క ఫొటోలో, వెనకాల ఓ బెంచీ మీద గుట్టగా సంచులు, తువ్వాళ్ళు, పదకొండు జతల చెప్పులు. ఆ పక్కన ఆకుపచ్చ చీర కొంగు. అంతే, మొహం పడలేదు.

ఆ రోజు పది గంటలకి లోపలికెళ్ళాం. సాయంత్రం అయిదింటికి బయటికొచ్చాం. అన్నంవేళ ఓ అరగంట తప్పిస్తే అమ్మ ఏడు గంటలు ఆ బెంచీ మీదే కూర్చుంది. ఆ రాత్రి ఆవిడకి కళ్ళు తిరిగాయి, వాంతి అయింది. బస్సు ప్రయాణం పడలేదనుకుని నిమ్మకాయ ఇచ్చి పడుకోబెట్టాం. అసలు సంగతి మొన్న తొడిమలు తీస్తూ తీస్తూ చెప్పింది. "బాత్రూముకి వెళ్దామంటే అందరి ఫోన్లూ, మీ ఆవిడ నల్లపూసలూ ఆ సంచీలోనే ఉన్నాయి. వదిలేసి ఎలా వెళ్ళను? అందుకని నీళ్ళు తాగలేదు."

మే నెల మిట్టమధ్యాహ్నం, అరవై నాలుగేళ్ళ మనిషి!

అక్కడ లాకర్లు లేక కాదు. గేటు పక్కనే వరసగా ఉన్నాయి, అద్దెకిస్తారు. "అమ్మ ఉందిగా, లాకరెందుకు దండగ" అన్నది నేనే. ఆ మాట అన్నట్టు నాకు స్పష్టంగా గుర్తుంది. ఆ డబ్బుతో అందరికీ ఐస్‌క్రీములు కొన్నాను. అమ్మకి పళ్ళు జివ్వుమంటాయని ఆవిడకి కొనలేదు.

ఆ రాత్రి నాకు నిద్రపట్టక, డిస్నీలాండ్ ఎలా పుట్టిందో ఎక్కడో చదివింది గుర్తుచేసుకున్నాను. వాల్ట్ డిస్నీ శనివారాల్లో కూతుళ్ళిద్దర్నీ తీసుకుని లాస్ ఏంజిలిస్‌లోని గ్రిఫిత్ పార్కుకి వెళ్ళేవారట. పిల్లలు గుర్రాల రంగులరాట్నం ఎక్కి తిరుగుతుంటే ఈయన బెంచీ మీద వేరుశనక్కాయలు నములుతూ కూర్చునేవారు. పిల్లలకి సరదా, పెద్దవాళ్ళకి బెంచీయేనా, ఇద్దరూ కలిసి సరదాపడే చోటు ఉండకూడదా అని అక్కడే ఆయనకి తట్టిందట. 1955 జులై 17న డిస్నీలాండ్ తెరిచారు. మొదటిరోజు అదీ అభాసుపాలైంది లెండి. ఎండకి కొత్త తారు మెత్తబడి ఆడవాళ్ళ మడమచెప్పులు దిగబడ్డాయట, ప్లంబర్ల సమ్మె వల్ల మంచినీళ్ళ కుళాయిలు చాలావాటికి నీళ్ళు రాలేదట. ఆయన బెంచీ మీద కూర్చుని అంత ఆలోచించాడు. నేనేమో నీళ్ళలో మునకలేస్తూ బెంచీ వైపు చూడనైనా లేదు.

మా చిన్నప్పుడు ఇలా ఉండేది కాదే అని కూడా అనిపించింది. 1994లో మద్రాసు పిన్నిగారింటికి వెళ్ళినప్పుడు వీజీపీ గోల్డెన్ బీచ్ చూపించారు. అక్కడ ద్వారపాలకుడి వేషంలో ఒకాయన బొమ్మలా కదలకుండా నిలబడేవాడు. ఎవరు నవ్వించినా నవ్వడు, రెప్ప కదపడు. వచ్చినవాళ్ళందరికీ ఆయన్ని నవ్వించడమే పని. నాన్న మీసం మెలేశారు, నేను కోతిలా గెంతాను. అమ్మ దగ్గరికెళ్ళి మెల్లగా, "పొద్దున్నుంచీ నిలబడే ఉన్నావు, అన్నం తిన్నావా నాయనా?" అంది. ఆయనకి తెలుగు వచ్చో రాదో గానీ, మూతి కొస కొంచెం కదిలిందని నాన్న చనిపోయే దాకా వాదించేవారు. ఆ రోజు తిన్నదీ ఎక్కిందీ నాకేమీ గుర్తులేదు. ఇదొక్కటే గుర్తుంది.

మర్నాడు మా ఆవిడ ఏ మాటా లేకుండా వండర్‌లా కాగితం మడిచి పక్కన పెట్టింది. ఆ పార్కు మంచిదే. పిల్లలున్న పడుచు జంటలకీ, కాలేజీ కుర్రాళ్ళకీ పండగే. కానీ నీళ్ళలోకి దిగాలంటే నైలాను ఈతబట్టలుండాలి, చీరలు పనికిరావు. పెద్ద రైడ్లు బీపీ, గుండెజబ్బు, నడుంనొప్పి ఉన్నవాళ్ళు ఎక్కకూడదు. అంటే ఈ ఏడు అమ్మకి మళ్ళీ బెంచీ, చిన్నాడికీ సగం బెంచీ. "వచ్చే ఏటికి నువ్వు నూట నలభై దాటతావు. అప్పుడు నువ్వూ అక్కా నాన్నా వెళ్ళి రోజంతా తలకిందులవండి. మేమిద్దరం ఇంట్లో ఉంటాం" అని వాడికి మాటిచ్చింది. వాడు తలుపు చట్రం మీద పెన్సిల్‌తో నూట నలభై దగ్గర గీత గీసి తేదీ వేసుకున్నాడు.

కాబట్టి ఫిల్మ్‌సిటీ. మా ఆవిడ గెలిచింది గానీ, తను కూడా అంత సంబరపడలేదు. ఎందుకంటే అదీ పెద్దవాళ్ళకి పూలపాన్పేమీ కాదు. 1996లో మొదలైన ఆ స్టూడియో ప్రపంచంలోకెల్లా పెద్దదని గిన్నిస్‌వాళ్ళు రాసుకున్నారు. దాదాపు పదహారొందల అరవై ఎకరాలు. మొత్తం చూసేద్దామని బయల్దేరితే మోకాళ్ళు ఇంటికి రావు. అయితే అక్కడ ఒక సుఖం ఉంది. తిప్పేది వాళ్ళ బస్సులోనే. కూర్చునే సగం ఊరు చూడొచ్చు. స్టంట్ల ప్రదర్శనలూ, డాన్సులూ కూర్చుని చూసేవే. పైగా విజయవాడవాళ్ళకి హైదరాబాద్ ట్రాఫిక్‌లోకి వెళ్ళే పనే లేదు, నగరం రాకముందే దిగిపోవచ్చు.

ఇదివరకు చూసొచ్చిన మా ఆఫీసాయన ఒకరు, "అంతా పైపై డాబండీ, ముందు గోడ తప్ప వెనకేం ఉండదు" అని పెదవి విరిచారు. నాకైతే పిల్లలకి చూపించాల్సింది ఆ వెనకే అనిపిస్తుంది. ముందు నుంచి చూస్తే రాజభవనం, వెనక్కి వెళ్తే కర్రలూ ప్లాస్టరూ. సినిమాల్లో కోటలు ఎలా నిలబడతాయో చూస్తే మా పెద్దదానికి సింగపూర్ బెంగ కొంతైనా తీరుతుందని నా ఆశ.

ఇంతకీ అమ్మని ఈసారి సరిగ్గా అడిగాం. నలుగురం చుట్టూ కూర్చుని, "నువ్వేం చూస్తావో చెప్పు, మిగతాది తర్వాత" అన్నాం. మొదట ఆవకాయ వంక పెట్టింది. తర్వాత కాస్త ఆలోచించి, "అక్కడ రైల్వేస్టేషను ఉంటుందటగా. సినిమాలో హీరోయిన్ పెట్టె పట్టుకుని ఏడుస్తుంటుందే, అదీ. ఆ బల్ల మీద కాసేపు కూర్చోవాలి" అంది. బాహుబలి సెట్టు కావాలని చిన్నాడు, బొమ్మ విమానాశ్రయం కావాలని పెద్దది. అందరివీ కలిపి నాలుగే రాసుకున్నాం. అవి చూశాక ఓపికుంటే అయిదోది, లేకపోతే బస్సెక్కి బయటికి.

ఆదివారాలు జనం తోసుకుంటారు కాబట్టి మంగళవారం వెళ్దామన్నాను. రోహిణి కార్తె రాకముందే కూడా. అమ్మ వేళ్ళు మడిచి లెక్కేసింది. ఆవకాయ ఆదివారం కలిపితే మూడోనాటికి తిరగకలపాలి. మంగళవారం తెల్లవారుజామున జాడీ మూత తీసి కలిపేసి, నూనె పోసి, వాసెన కట్టి బయల్దేరాలట. మూడున్నరకి లేవాలని అందరికీ చెప్పేసింది.

లాకరుకి డబ్బులు నేను చొక్కా పైజేబులో విడిగా పెట్టుకున్నాను. లోపల లాకరు దొరక్కపోతే సంచుల కాపలా వంతులవారీగా, తలా అరగంట. మొదటి వంతు నాది.