మూడు భాషల యుగాలు ఒకే గోడమీద

రాయగడలో మా వీధి అమ్మాయి ఒకతె ఇంగ్లీషు ఆనర్స్ చదువుతోంది. పరీక్షలకు ముందు ఒక సాయంత్రం నోటుపుస్తకం పట్టుకుని వచ్చి, "మాస్టారూ, ఒకసారి అప్పజెప్పించుకోండి" అంది. ఓల్డ్ ఇంగ్లీష్, మిడిల్ ఇంగ్లీష్, ఎలిజబెతన్, రెస్టొరేషన్, రొమాంటిక్, విక్టోరియన్ అంటూ తేదీలతో సహా గడగడా చెప్పేసింది. ఎక్కడా తడబడలేదు. సంతోషించి, "మరి నన్నయ ఏ కాలంవాడమ్మా?" అని అడిగాను. కాసేపు ఆలోచించి, "బాగా పాతకాలం వారు కదండీ" అంది. "సారళా దాసు?" అంటే, "ఒడియా పాఠంలో చదివాను గానీ తేదీ గుర్తులేదు" అంది.

తప్పు ఆ పిల్లది కాదు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కళాశాలలో ఇంగ్లీషు. మూడింటినీ మోస్తోంది. ఈ మూడూ ఒకే కాలంలో, ఒకే భూమి మీద నడిచిన కథలని ఆమెకు ఎవరూ చెప్పలేదు. కోరాపుట్, రాయగడ జిల్లాల తెలుగు పిల్లలకు ఇంగ్లీషు సాహిత్య యుగాలు తప్పక నేర్పాలి. కానీ విడిగా కాదు, తెలుగు, ఒడియా యుగాల పక్కన పెట్టి నేర్పాలి. ఈ వ్యాసంలో నేను చెప్పదలచినది ఇంతే.

ముందు యుగాల పేర్లే చూడండి. ఇంగ్లీషువారు కొన్నిటికి ఏలికల పేర్లు పెట్టుకున్నారు. 1558 నుంచి 1603 వరకు ఏలిన ఎలిజబెత్ పేరు ఒక యుగానిది, 1837 నుంచి 1901 వరకు ఏలిన విక్టోరియా పేరు మరొకదానిది. రెండవ చార్లెస్ 1660లో తిరిగి సింహాసనం ఎక్కిన సంఘటన రెస్టొరేషన్ అయింది. రొమాంటిక్ అనేది రాణీ కాదు, సంఘటనా కాదు, ఒక భావధోరణి. మనం ఎక్కువగా కవుల పేర్లు పెట్టుకున్నాం. నన్నయ యుగం, తిక్కన యుగం, శ్రీనాథ యుగం అన్నాం. ఒడియావారిదీ అదే బాట: సారళా యుగం, పంచసఖ యుగం. ఈ పోలిక ఒక్కటి చూపిస్తే చాలు, యుగాలు ఆకాశం నుంచి ఊడిపడలేదనీ, తరువాతి తరాలవారు చదువుకునే వీలుకోసం గీసుకున్న గట్లనీ పిల్లలకు తెలుస్తుంది. రొమాంటిక్ యుగం 1798లో మొదలైందని ఒక పుస్తకం, 1789లో అని ఇంకో పుస్తకం ఎందుకంటాయో కూడా అప్పుడే అర్థమవుతుంది.

ఇక తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. పదకొండో శతాబ్దంలో రాజమహేంద్రవరంలో రాజరాజ నరేంద్రుని కొలువులో నన్నయ భారతాన్ని తెనిగించాడు. అదే శతాబ్దంలో, 1066లో, నార్మన్లు ఇంగ్లండును జయించారు. ఇక్కడ తెలుగు రాజసభలో కావ్యభాషగా పీట వేసుకుంటున్న కాలంలోనే, అక్కడ ఇంగ్లీషు రాజసభ నుంచి లేచి వెళ్ళిపోయింది. 1509లో విజయనగరంలో కృష్ణదేవరాయలు, ఇంగ్లండులో ఎనిమిదో హెన్రీ ఇద్దరూ గద్దెనెక్కారు. అదే కాలంలో ఒడ్రదేశాన్ని ప్రతాపరుద్ర గజపతి ఏలుతున్నాడు. రాయలకూ గజపతికీ యుద్ధాలు జరిగాయి. ఆ రోజుల్లోనే తెలుగులో పెద్దన ప్రబంధం రాశాడు, పూరీలో జగన్నాథ దాసు భాగవతాన్ని ఒడియా చేశాడు. రాజులు కొట్టుకున్నారు గానీ భాషలు రెండూ వర్ధిల్లాయి.

ఇంకా దగ్గరికి వద్దాం. 1897లో విక్టోరియా పాలనకు అరవై ఏళ్ళు నిండిన వజ్రోత్సవం జరిగింది. ఆ ఏడే లండన్‌లో బ్రామ్ స్టోకర్ 'డ్రాక్యులా' వెలువడింది. ఆ ఏడే మన పొరుగున విజయనగరం వాసి గురజాడ 'కన్యాశుల్కం' తొలి కూర్పు అచ్చయింది. ఆ ఏడే ఫకీర్ మోహన్ సేనాపతి నవల 'ఛ మాణ ఆఠ గుంఠ' ధారావాహికగా రావడం మొదలైంది. విక్టోరియన్ యుగం అంటే లండన్ పొగమంచు మాత్రమే కాదు. ఆ రాణి పాలన కిందే పిల్లల్ని అమ్ముకునే పెళ్ళిళ్ళను గురజాడ, రైతు భూమిని మింగిన జమీందారును ఫకీర్ మోహన్ బోనెక్కించారు. మన పిల్లలకు విక్టోరియన్ యుగం గుర్తుండాలంటే ఇంతకంటే మంచి దారి నాకు తోచదు.

అన్ని యుగాలూ ఒకేసారి రావన్నదీ చెప్పాలి. వర్డ్స్‌వర్త్, కోల్‌రిడ్జ్‌ల కవితా సంపుటి 1798లో వచ్చింది. దానికి దగ్గరి చుట్టమైన మన భావకవిత్వం రాయప్రోలు, కృష్ణశాస్త్రి చేతుల్లో ఇరవయ్యో శతాబ్దంలో వికసించింది. అంటే వందేళ్ళు దాటిన దూరం. ఆలస్యమా అంటే కాదు. ఏ నేలలో ఎప్పుడు వాన పడితే అప్పుడే విత్తు మొలుస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. ఇంగ్లీషు చరిత్రలో మన పిల్లలు అన్నిటికంటే శ్రద్ధగా చదవాల్సింది షేక్‌స్పియర్ కాలాన్ని కాదు, 1066 తరువాతి మూడు వందల ఏళ్ళను. ఆ కాలంలో కొలువులో ఫ్రెంచి, చర్చిలో లాటిన్. ఇంగ్లీషు పొలంలో, వంటింట్లో మిగిలింది. కచేరీల్లో ఫ్రెంచి జనానికి అర్థం కావడం లేదని, వాదనలు ఇంగ్లీషులో జరగాలని 1362లో చట్టం చేశారు. ఆ చట్టాన్ని కూడా ఫ్రెంచిలోనే రాశారు! ఆ తరువాత ఛాసర్ ఇంగ్లీషులో కథలల్లాడు. కొలువు పోయిన భాష ఇంట్లో బతికింది కాబట్టే మళ్ళీ కాగితం మీదికి రాగలిగింది.

మనకూ అలాంటి మలుపు ఒకటుంది. 1936 ఏప్రిల్ 1. ఆనాడు ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైంది, మద్రాసు ప్రెసిడెన్సీలోని కోరాపుట్ సీమ దానిలో చేరింది. ఇది దండయాత్ర కాదు. అంతకుముందు మద్రాసు ఏలుబడిలో ఒడియావారు చిన్న సంఖ్యలో పడి, తమ పిల్లల చదువు కోసం మనలాగే దిగులుపడినవారు. వారి కోరిక న్యాయమైనదే. అయితే ఆ తేదీతో మన భాషకు ఒక యుగం ముగిసి మరొకటి మొదలైంది. పర్లాకిమిడిలో దశాబ్దాలు పాఠాలు చెప్పి, సవర భాష నేర్చి ఆ పిల్లలకు చదువు చెప్పించిన గిడుగు రామమూర్తి 1936లోనే ఆ ఊరు వదిలి రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. తెలుగు, ఒడియా రెండింటిలోనూ రచనలు చేసిన జయపురం మహారాజు విక్రమదేవ వర్మ మాత్రం ఇక్కడే ఉండి, ఆంధ్ర విశ్వకళా పరిషత్తుకు ఏటా లక్ష రూపాయలు ఇచ్చి ఆదుకున్నారు. ఆ తరువాత గోపీనాథ మహాంతి ఇదే కోరాపుట్ కొండల్లో ఉద్యోగం చేస్తూ పరజల మీద, కోదుల మీద ఒడియాలో గొప్ప నవలలు రాశారు. ఈ ముగ్గురూ మన నేలకు సంబంధించినవారే. మన పిల్లల నోటుపుస్తకంలో ఈ ముగ్గురికీ చోటేదీ?

"పిల్లలకు ఇప్పటికే మూడు భాషల బరువు, ఇది నాలుగోదా?" అని కొందరు తల్లిదండ్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ నేను కొత్త పాఠం చేర్చమనడం లేదు. విడివిడిగా ఉన్న మూడు మూటలను ఒక కావడిలో సర్దమంటున్నాను. ఒంటరి తేదీ పరీక్ష కాగానే జారిపోతుంది, జతపడిన తేదీ నిలుస్తుంది. "ఇంగ్లీషే అన్నం పెడుతుంది, తెలుగు యుగాలెందుకు?" అనేవారూ ఉన్నారు. తన భాష పుట్టుపూర్వోత్తరాలు చెప్పలేనివాడు ఇంగ్లీషు సాహిత్యాన్ని అప్పజెప్పగలడు గానీ, దాని గురించి సొంతంగా నాలుగు మాటలు మాట్లాడలేడు. ఇంటర్వ్యూలో, పరిశోధనలో అడిగేది ఆ సొంత మాటనే.

చేయవలసింది పెద్దదేమీ కాదు. ప్రతి తెలుగు బడిలో ఒక గోడ చాలు. అడ్డంగా శతాబ్దాలు, నిలువునా మూడు వరుసలు: తెలుగు, ఒడియా, ఇంగ్లీషు. ఎనిమిదో తరగతి నుంచి పిల్లలే నెలకు రెండు పేర్లు చేర్చాలి. తెలుగు, ఒడియా, ఇంగ్లీషు ఉపాధ్యాయులు ముగ్గురూ కలిసి నెలకొక పీరియడ్ ఆ గోడ ముందు నిలబడాలి. నాలుగో వరుస ఖాళీగా ఉంచితే, తాతమ్మల నోట విన్న ఊరి నాటకాలు, పాటలు, పాత బడుల సంగతులు, కువి, సవర కథలు అందులోకి వస్తాయి. అయితే తెలుగు ఉపాధ్యాయుడే లేని బడిలో ఆ వరుస ఎవరు రాస్తారు? ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకు వసతులు కల్పించాలని రాజ్యాంగం 350-ఎ అధికరణం చెబుతోంది. ఖాళీ పోస్టులు నింపమని అడగడం దయ కోరడం కాదు.

ఆ అమ్మాయికి ఆ సాయంత్రం ఒక తెల్లకాగితం మీద మూడు గీతలు గీసి ఇచ్చాను. మర్నాడు ఆమె దాన్ని మళ్ళీ తెచ్చింది. 1936 దగ్గర ఎర్రసిరాతో తన ముత్తాత పేరు రాసుకుంది. ఆ ఏడు ఆయన ఇక్కడి బడిలో తెలుగు చెప్పేవారట. "ఇది కూడా సాహిత్య చరిత్రేనా మాస్టారూ?" అని అడిగింది. అవునమ్మా, అక్కడి నుంచే మొదలుపెట్టు అన్నాను.