బీరువా వెనక చెమ్మ

భాద్రపదం వచ్చేసరికి విశాఖ, కాకినాడ ఇళ్లలో బీరువా తీయగానే ముక్కవాసన. తోలు బెల్టు మీద బూడిదరంగు పొర, వెనక గోడకు నల్లటి చుక్కలు. మన భాషలో సాలెగూడు దుమ్మూ బూజే, ఈ మచ్చా బూజే. పేరొకటే కనుక మందూ ఒకటే అనుకుని బూజుకర్ర అందుకుంటాం. సాలెగూడు దులిపితే పోతుంది. ఈ మచ్చను పొడిగా దులిపితే కంటికి ఆనని బీజాలు గదంతా పరుచుకుంటాయి.

ఇది శిలీంధ్రం. దాని బీజాలు గాలిలో ఎప్పుడూ ఉండేవే, తడి లేనిదే మొలవవు. అందుకే గుడ్డ తడిపేముందు నీరెక్కడిదో వెతకాలి. పిట్టగోడ మొదట్లో పగులా? గోడలో పైపు కారుతోందా? గదిలో ఆరేసిన బట్టల ఆవిరా? అది తేలకుండా పుట్టీ పెట్టి ఎమల్షన్ పూస్తే మళ్లీ వానలకు రంగు పొక్కులు లేస్తుంది. అద్దె ఇళ్లలో తరచూ జరిగేదిదే. దిగేనాటికి కొత్త రంగు, రెండు నెలలకు పాత మచ్చ. కిటికీలు తీయరన్న మాట మాత్రం అద్దెకున్నవాళ్లు పడాలి. ఉబ్బసం ఉన్న పిల్లవాడు ఆ గోడ పక్కనే పడుకుంటున్నప్పుడు, కారే కప్పు బాగుచేయించడం యజమాని వాయిదా వేయదగ్గ పని కాదు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ఇళ్లలో రోజుల తరబడి నీరు నిలిచింది. నీరు తీసినా ఇటుక తాగిన తడి వెంటనే పోదు. రెండు రోజుల్లో ఆరని దూది పరుపునూ, ఉబ్బిన ప్లైవుడ్‌నూ వదులుకోక తప్పదు. వాయిదాలు తీరని పరుపును వీధిలో పెట్టడం ఎంత కష్టమో పెట్టినవాళ్లకే తెలుసు. వరద నష్టం రాసుకునేవారు దాన్నీ లెక్కలో వేయాలి.

మచ్చ చిన్నదైతే మాస్కు కట్టుకుని, సబ్బునీటి గుడ్డతో తుడిచి, ఫ్యాను పెట్టి పూర్తిగా ఆరనివ్వాలి. బ్లీచింగ్ వాడేవారు దాన్ని బాత్రూం యాసిడ్‌తో ఎన్నడూ కలపకూడదు. ఆ కలయికలో పుట్టే క్లోరిన్ ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. వెనకటి సున్నపు వెల్ల గోడ తేమను బయటికి పోనిచ్చేది, దాని క్షారగుణం బూజును మొలవనిచ్చేది కాదు. ఇప్పటి రంగులకు ఆ గుణం తక్కువ కనుక బీరువాకూ గోడకూ మధ్య జానెడు ఎడం ఉంచాలి.

ఒంటరిగా ఉన్న పెద్దవాళ్లు ఆ ఇనుప బీరువాను జరపలేరు. వాన తెరపిచ్చిన పూట పక్కింటివాళ్లు వెళ్లి ఒక చెయ్యి వేస్తే బాగుంటుంది.